జిగురు పట్టని మూడు నెలలు

ఆ ల్యాబులో అడుగుపెట్టిన వాళ్లెవరికైనా మొదటి రోజే ఒక సంగతి తెలిసిపోతుంది. పెద్ద గదిలో కుర్చీ ఎవరిదైనా కానీ, పెత్తనం మాత్రం ఐసమ్మది. "ఐసులో పెట్టావా? ఐసు డబ్బా ఏది? ఐసు లేకుండా ఆ గొట్టం ముట్టుకున్నావంటే వేళ్లు విరిచేస్తా" అని పంతొమ్మిదేళ్లు అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకుంది. మొదట్లో పిల్లలు చాటుగా అనుకునేవాళ్లు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ కూడా "ఆఁ, ఏంటి?" అని పలికేది. కోపం ముక్కుమీదే ఉంటుంది కానీ, పేరుమీద ఆవిడకు కోపం లేదు.

చేరింది గాజుసీసాలు కడిగే పనికి. చదువు పదో తరగతి. భర్త దర్జీ. బజారు మలుపులో అద్దె గదిలో ఒక మిషను, ఒక అద్దం, ఒక బల్ల పెట్టుకుని కుట్టుకుంటాడు. ఇంట్లో ఆవిడ అరుపులు విని విని ఆయన సగం మాటలకే జవాబిస్తాడు. మిగతా సగం ఆయన చెవుల దాకా రావు. అందుకే కాపురం సజావుగా సాగిపోయింది.

సీసాలు కడిగే మనిషికి కత్తెరలూ జిగుర్లూ నేర్పింది ఆ ల్యాబు పెట్టిన పెద్ద మేడం. ఒకరోజు ఐసమ్మ కడిగిన సీసాను వెలుతురుకు పట్టి చూసి, "ఇంత శుభ్రంగా కడిగే చెయ్యి సబ్బు దగ్గరే ఆగిపోతే ఎలా? ఇటు రా" అని తన బల్ల దగ్గరికి పిలిచింది. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు వరసగా ఐసులో గుచ్చింది.

"ఇది కత్తెర. మీ ఆయన కత్తెర ఎక్కడ కోయమంటే అక్కడ కోస్తుంది కదా, దీనికి అంత తెలివి లేదు. ఒక్క గుర్తే తెలుసు. డీఎన్ఏ పోగులో ఆ గుర్తు ఎక్కడ కనబడితే అక్కడే కోస్తుంది, చచ్చినా ఇంకో చోట కోయదు. ఇది జిగురు. కోసిన కొసల్ని అతికిస్తుంది. ఇదేమో బండి. గుండ్రటి చిన్న డీఎన్ఏ ఉంగరం. మనకు కావలసిన జన్యువును దీంట్లో అతికించి ఎక్కిస్తాం. ఇది బండి చేరాల్సిన ఇల్లు, బాక్టీరియా. తలుపు తీస్తేనే బండి లోపలికి పోతుంది. ఆ తలుపు తీయించే పని ఇవాళ్టి నుంచి నీది."

తలుపు తీయించడంలో ఐసమ్మ చెయ్యి తిరిగిన మనిషైంది. బాక్టీరియాను పెంచాలి, చల్లబరచాలి, కాల్షియం కలిపిన నీళ్లలో ఐసు మీద నానబెట్టాలి. తర్వాత బండిని కలిపి, అరగంట ఐసులో ఉంచి, ఒక్క నిమిషంలోపు వేడినీళ్లలో ముంచి, మళ్లీ ఐసులోకి తేవాలి. "చన్నీళ్లలోంచి వేణ్ణీళ్లలోకి, మళ్లీ చన్నీళ్లలోకి తోస్తే మనిషికైనా నోరు తెరుచుకుంటుంది, అదెంత ప్రాణం!" అనేది నవ్వుతూ. అలా తలుపు తీయడానికి సిద్ధమైన బాక్టీరియా కణాల్ని ఏ వారానికి ఆ వారం తాజాగా చేసేది. పై అంతస్తు వాళ్లు, ఎదురు ల్యాబు వాళ్లు ఐసు డబ్బాలు పట్టుకుని వచ్చి "అక్కా, నీ చేతి కణాలు రెండు గొట్టాలు" అని అడిగి పట్టుకెళ్లేవాళ్లు. అలా అడిగించుకోవడమంటే ఆవిడకు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. రెండంటే మూడిచ్చేది, తిట్లు కొసరు.

ఆ ల్యాబులో ఆవిడకు పడని ప్రాణి ఒకటే ఉండేది, పాత ఫ్రీజర్. మైనస్ ఇరవై దగ్గర కత్తెరలు, జిగుర్లు అన్నీ ఉండేది దాంట్లోనే. రెండు నెలలకోసారి గోడలకు జానెడు మందాన ఐసు పేరుకునేది. తలుపు పడేది కాదు. గొట్టాలన్నీ ఎదురు ల్యాబు ఫ్రీజర్‌కు మోసి, దీన్ని ఆపి, కరిగిన నీళ్లు బకెట్లతో ఎత్తిపోసి, చెక్క గరిటెతో గడ్డలు రాల్చి, మళ్లీ అన్నీ తెచ్చి సర్దేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చేది. వేళ్లు రెండు రోజులు తిమ్మిరి. "మేడం, ఇప్పుడు ఐసు పట్టని ఫ్రీజర్లు వచ్చాయంట, ఒకటి కొనండి" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మేడం "వద్దు" అంది. ఎందుకు వద్దో చెప్పలేదు. ఈవిడా అడగలేదు. మేడం పిసినారి అనుకుని ఊరుకుంది.

మేడం రిటైరయ్యారు. కొత్త సారు వచ్చారు. నలభై దాటని మనిషి, చురుకు, చెడ్డవాడు కాదు. కాకపోతే అన్నీ నిన్నటికే అయిపోవాలంటాడు. వచ్చిన రెండో నెలలో ఐసమ్మ ఆయన ముందు వేళ్లు చాపి చూపించింది. "సర్, ఈ ఐసు కొట్టలేక చస్తున్నా. ఐసు పట్టనిది ఒకటి తెప్పించండి." సారు అప్పటికప్పుడు కాగితం రాసి సంతకం పెట్టేశారు. మూడు వారాల్లో తెల్లగా, నున్నగా, అద్దంలాంటి తలుపుతో కొత్త ఫ్రీజర్ దిగింది. పాతదాన్ని నడవా చివరకు నెట్టేశారు. ఐసమ్మ ఆ రోజు ఇంటికి వెళ్లి భర్తకు చేతులు చూపించి, "ఇక ఈ చేతులకు పెన్షన్ వచ్చేసింది" అంది.

ఆ తర్వాత నెల తిరిగేసరికి పిచ్చుక కష్టాలు మొదలయ్యాయి.

పిచ్చుక అంటే పరిశోధన చేసే అమ్మాయి. పొట్టిగా, పల్చగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు. ఆ పేరు పెట్టింది కూడా ఐసమ్మే. మట్టిలో దొరికే ఒక సూక్ష్మజీవికి పిండి పదార్థాన్ని కరిగించే గుణం ఉంది. ఆ గుణాన్నిచ్చే జన్యువును కోసి, బండిలో అతికించి, మన బాక్టీరియాలోకి పంపాలి. పంపినవాటిని పళ్లెంలో పరిచి పొద్దున చూస్తే, బండి ఎక్కినవి చుక్కలు చుక్కలుగా పెరిగి ఉండాలి. బండి లేనివి బతక్కుండా పళ్లెంలో మందు కలుపుతారు. సంగతి అంతే. పిచ్చుక పళ్లేల్లో మాత్రం చుక్క లేదు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడు నెలలు. ప్రతి వారం ఒక ఖాళీ పళ్లెం. మిగతా ఇద్దరు విద్యార్థులవీ జిగురుతో పనిలేని చదువులు, కాబట్టి ఇబ్బంది ఈ పిల్ల ఒక్కదానికే.

ఐసమ్మ తీర్పు చెప్పేసింది. ఆవిడకు తీర్పు చెప్పడానికి ఎంతసేపు!

"నీ చెయ్యి బాగోలేదు పిల్లా" అంది అందరూ వింటుండగానే. "చుక్క తీసేటప్పుడు వణుకుతోంది. తీసింది సగం, వేసింది పావు. పంతొమ్మిదేళ్లలో నా కణాలు ఒక్కసారి కూడా మొండికేయలేదు. ఎంతమంది ఈ బల్ల మీద చేసుకుని డాక్టరేట్లు పట్టుకుపోయారు! నీకే ఎందుకు రాదు?"

పిచ్చుక మర్నాటి నుంచి అందరికంటే ముందొచ్చి, రంగునీళ్లు పెట్టుకుని, కొలగొట్టంతో చుక్క తర్వాత చుక్క కాగితం మీద పెట్టుకుంటూ కూర్చునేది. వందలకొద్దీ చుక్కలు, అన్నీ ఒకే కొలత. అది చూసి ఐసమ్మ "ఇప్పుడు దారిలో పడింది" అనుకుని లోపల్లోపల మురిసిపోయింది కూడా. మళ్లీ ఆ వారం పళ్లెం ఖాళీయే.

కొత్త సారు తీర్పు వేరుగా వచ్చింది. ఒక శుక్రవారం ఐసమ్మను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నప్పుడే ఆవిడకు అనుమానం వచ్చింది.

"చూడండమ్మా, మీమీద నాకు గౌరవమే. కానీ మూణ్ణెల్లు పోయాయి. కణాలు చేసేది మీరు, ఫ్రీజర్‌లోంచి అన్నీ తీసి ఇచ్చేది మీరు. ఎక్కడో ఐసు మీద ఉండాల్సింది ఉండట్లేదు. వయసు, అలవాటు, ఎవరికైనా జరుగుతుంది. ఒకటో తారీకు నుంచి మీరు కింద స్టోర్సులో కూర్చోండి. గ్లవ్స్, సీసాలు ఇవ్వడం, రాసుకోవడం, హాయిగా ఉంటుంది. కణాలు బయట రెడీమేడ్‌గా దొరుకుతాయి. కాగితం రాసి పెట్టాను, నెలాఖరుకి పైకి పంపిస్తాను."

"అంటే నా చేతిదే తప్పంటారా సర్?"

"తప్పని కాదు..." అని సారు నీళ్లు నమిలారు.

నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులుంది.

ఇంటికి వెళ్లి చెబితే దర్జీ తల ఎత్తకుండానే, "కూర్చునే ఉద్యోగమేగా, మంచిదే" అన్నాడు. అంతే, ఒళ్లు మండిపోయింది ఐసమ్మకు.

"నీ కత్తెర లాగేసుకుని, దుకాణం ముందు కూర్చుని గుండీలు లెక్కపెట్టమంటే కూర్చుంటావా?"

ఈ మాట మాత్రం ఆయన చెవి దాకా వెళ్లింది. మిషను ఆపాడు. "కూర్చోను" అన్నాడు. "ఏం చేస్తావ్ మరి?"

"తప్పెక్కడుందో పట్టుకుంటా. నాలో ఉంటే నేనే దిగిపోతా కింద. లేకపోతే మాత్రం చస్తే దిగను."

ఆ పట్టుదల మామూలుది కాదు. మర్నాడు శనివారం, ల్యాబులో ఇద్దరే ఉన్నారు, ఐసమ్మా పిచ్చుకా. "ఏయ్, ఇటు రా. ఒక్కొక్కటి తీద్దాం" అంది ఐసమ్మ. నాలుగు సామాన్లు, నాలుగు ప్రశ్నలు. ఇల్లు బాగుందా? కోయని, అతికించని, మామూలు నిండు బండిని తన కణాల్లోకి శుక్రవారం సారు గదిలోంచి రాగానే, ఇంటికి వెళ్లేముందే పంపి ఉంచింది. పళ్లెం తీసి చూస్తే లెక్కపెట్టలేనన్ని చుక్కలు. కణాలకు ఢోకా లేదు, బండికీ లేదు. సారు అప్పుడు ఎదురుగా ఉంటే ఆ పళ్లెం ఆయన ముక్కు దగ్గర పెట్టేదే. కత్తెర బాగుందా? పిచ్చుక తన పుస్తకం తెరిచి, డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసి చూపే జెల్ మీద తీసిన ఫొటోలు చూపించింది. కోసిన ముక్కలు రెండు గీతలుగా స్పష్టంగా విడివడి ఉన్నాయి. కత్తెర కోస్తూనే ఉంది.

"ఇక మిగిలింది జిగురు" అంది పిచ్చుక.

"జిగురు, లేదా నీ చెయ్యి" అంది ఐసమ్మ. ఇంకా వదల్లేదు చూడండి.

పిచ్చుక మొహం చిన్నబోయింది. "నా చెయ్యి సంగతి నాకు తెలీదక్కా. ఈ నెల చూసి మానేద్దామనుకుంటున్నా. నావల్ల కాదేమో."

ఐసమ్మ ఫ్రీజర్ దగ్గరికి నడిచింది. జిగురుకు తోడుగా ఒక నీళ్ల గొట్టం వస్తుంది. జిగురు పని చేయాలంటే కావలసిన సత్తువంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. కత్తెర, జిగురు పాకంలాంటి చిక్కటి ద్రవంలో ఉంటాయి, మైనస్ ఇరవైలో కూడా గడ్డకట్టవు. జిగురు నీళ్లు మాత్రం రాయిలా గడ్డకడతాయి. ఒకసారి కరిగితే వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. కట్టించి, కరిగించి, కట్టించి, కరిగిస్తే ఆ సత్తువ చచ్చిపోతుంది. అందుకే ఐసమ్మ వాటిని పూటకు సరిపడా చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి పెట్టేది. ఎవరైనా కరిగిన గొట్టాన్ని తిరిగి లోపల పెడితే వాళ్ల ఏడుతరాల్నీ తిట్టేది.

పై అరలో, చిన్న ఫ్యాను పక్కనే, ఆ గొట్టాల పెట్టె. దాన్ని చేతిలోకి తీసుకున్న ఐసమ్మ ఆగిపోయింది. గొట్టాల మీద తను మార్కరుతో రాసిన తేదీలు చెదిరి, సిరా కిందికి కారినట్టుంది. పెట్టె అడుగున చిన్న గాజుపూసంత ఐసు బొట్టు.

"ఐసే పట్టని ఫ్రీజర్‌లో ఈ బొట్టు ఎక్కణ్ణించి వచ్చిందే?" అంది.

పిచ్చుకకూ తెలియలేదు. తలుపు తీసినప్పుడు చెమ్మ చేరి ఉంటుందంది. ఐసమ్మకు ఆ మాట రుచించలేదు. చెమ్మ చేరితే పొడిపొడిగా తెల్లగా ఉంటుంది. ఇది కారి, గడ్డకట్టిన నీటిబొట్టు.

ఆదివారం పొద్దున్నే ఎనిమిదింటికి ఐసమ్మ కాపలావాడి చేత తలుపు తీయించుకుని లోపలికొచ్చింది. తీగ ఉన్న థర్మామీటరు ఒకటి తీసుకుని, తీగ కొసను నీళ్లు పోసిన గొట్టంలో దూర్చి, ఆ గొట్టాన్ని జిగురు నీళ్ల పెట్టెలో పెట్టి, అంకెలు కనిపించే డబ్బాను బయట తలుపుకు అంటించింది. గొట్టం గడ్డకట్టి మైనస్ ఇరవైకి దిగేదాకా ఆగింది. స్టూలు లాక్కుని, పాత పుస్తకం వెనక పేజీ తెరిచి కూర్చుంది. పది నిమిషాలకోసారి అంకె రాయాలి. తలుపు తీయకూడదు. లేవకూడదు.

మైనస్ ఇరవై. మైనస్ ఇరవై. మైనస్ పంతొమ్మిది. మైనస్ ఇరవై.

మధ్యాహ్నానికి రెండు పేజీలు నిండాయి. అన్నీ అవే అంకెలు. ఐసమ్మకు తనమీద తనకే చిరాకేసింది. అన్నం డబ్బా పట్టుకుని దర్జీ వచ్చాడు. కుట్టాల్సిన చొక్కా ఒకటి చంకలో ఉంది.

"ఏమైంది?"

"ఏమీ అవలేదు. అదే కదా నా ఏడుపు."

"ఏమీ అవకపోతే మంచిదే కదా?"

"నోరు మూసుకుని కూర్చో."

ఆయన బుద్ధిగా కూర్చుని కాజాలు కుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒక చేత్తో అన్నం తింటూ, ఇంకో చేత్తో అంకెలు రాస్తూ, కళ్లల్లో వత్తులేసుకుని చూస్తోంది. ఆయన నాలుగు కాజాలు పూర్తిచేసి, "నేను బట్ట కత్తిరించేటప్పుడు తప్పొస్తే కత్తెరను తిట్టను. బల్ల కదిలిందేమో చూస్తా" అన్నాడు.

"ఇప్పుడు నేను చూస్తోంది బల్లనే" అంది ఐసమ్మ.

మూడున్నరకు ఫ్రీజర్ మూలుగు ఆగింది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. లోపల ఎక్కడో టక్‌మని చిన్న చప్పుడు. ఐసమ్మ తినే డబ్బా పక్కన పెట్టేసింది. మైనస్ పదహారు. పుస్తకం పట్టుకుంది. మైనస్ పదకొండు. ఇప్పుడు పది నిమిషాలు కాదు, ప్రతి నిమిషమూ రాస్తోంది. మైనస్ అయిదు. మైనస్ రెండు. సున్నా. సున్నా దగ్గర అంకె కదలకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత ఒకటి. రెండు.

"లే, లే, తలుపు పట్టుకో!" అని భర్తను లేపింది. తలుపు తీసి, జిగురు నీళ్ల గొట్టం ఒకటి తీసి, వెలుతురుకు పట్టి వంచింది. రాయిలా ఉండాల్సింది అటూ ఇటూ జారింది. నీళ్లు. ఉత్త నీళ్లు. పక్కనున్న కత్తెర గొట్టం ఎప్పట్లాగే పాకంలా ఉంది.

మళ్లీ మూలుగు మొదలైంది. అంకె దిగడం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా మళ్లీ మైనస్ ఇరవై, ఏమీ ఎరగనట్టు.

ఐసమ్మకు అప్పుడు అర్థమైంది. ఐసు పట్టకపోవడమంటే ఐసు రాకపోవడం కాదు. వచ్చిన ఐసును ఆ మిషను తనంతట తనే వేడిచేసుకుని కరిగించేసుకుంటోంది. రోజుకు ఒకసారో, రెండుసార్లో! గొట్టం కరిగితే మళ్లీ పెట్టొద్దని తను నోరు పోయేలా అరుస్తుంటే, తన వెనక నిలబడి ఈ తెల్లదొర రోజూ అదే పని చేస్తోంది. నాలుగు నెలలు. వందకు పైగా సార్లు. జిగురు నీళ్లలో సత్తువ ఎక్కడ మిగులుతుంది?

"దొరికింది" అంది. గంతేయాల్సిన మనిషి అలాగే స్టూలు మీద కూలబడింది.

"దొరికితే ఆ మొహమేంటి?" అన్నాడు దర్జీ.

"దీన్ని తెప్పించమంది నేనయ్యా. మేడం మూడుసార్లు వద్దంది. ఎందుకు వద్దో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది! నేనైనా ఎందుకని అడిగి ఉంటే నా నోరేమన్నా పడిపోయేదా! ఆ పిల్లను మూణ్ణెల్లు చెయ్యి వణుకుతోందని తిట్టాను. పొద్దున్నే వచ్చి రంగునీళ్లు పెట్టుకుని కూర్చునేది, తెలుసా? చూసి సంతోషపడ్డాను నేను. సంతోషపడ్డాను!"

దర్జీ లేచాడు. అన్నం డబ్బా కడిగి తెచ్చాడు.

సోమవారం సారుకు అంకెలన్నీ చూపిస్తే, ఆయన రెండుసార్లు చూసి బుర్ర గోక్కున్నారు. "కొత్త ఫ్రీజరమ్మా అది. వచ్చి నాలుగు నెలలేగా అయింది."

"కొత్తదే సర్. కొత్తగానే కరిగిస్తోంది."

"సరే. నిరూపించండి. మాటలొద్దు, పళ్లెం చూపించండి."

"చూపిస్తా సర్" అని ఐసమ్మ ఎదురు ల్యాబుకు నడిచింది. అక్కడి టెక్నీషియన్‌ను అందరూ కళ్లజోడు అంటారు. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీద ఉంటుంది, కళ్లమీద ఉండదు. వాళ్లది ఇంకా జానెడు ఐసు పట్టే పాత ఫ్రీజరే.

"జిగురు నీళ్లు ఒక గొట్టం కావాలి."

"ఐసమ్మ వచ్చి నన్నడగడమా! వాన పడుతుందేమో చూడండర్రా" అన్నాడాయన. అని, ఐసు డబ్బాలో రెండు గొట్టాలు పెట్టి ఇచ్చాడు. "కొసరు. నువ్వు నేర్పిందే."

మంగళవారం పిచ్చుకను బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఐసమ్మ. కోసిన జన్యువు అదే, కోసిన బండి అదే, జిగురు అదే. రెండు గొట్టాలు. ఒకదాంట్లో తమ జిగురు నీళ్లు, రెండోదాంట్లో ఎదురు ల్యాబువి. "రెండూ నీ చేత్తోనే వెయ్యి" అంది.

"నా చెయ్యి బాగోలేదుగా" అంది పిచ్చుక తలెత్తకుండా.

ఐసమ్మ నోటి దాకా వచ్చింది మాట. మింగేసింది. పళ్లెం రాకముందు ఏమన్నా ఉత్తమాటే అవుతుందనుకుంది. నిజం చెప్పాలంటే, భయం కూడా వేసింది. పిచ్చుక రెండు గొట్టాలూ నింపింది. చెయ్యి ఎక్కడా వణకలేదు. ఆ చెయ్యి వణకలేదని ఐసమ్మ ఇన్నాళ్లకు చూసింది. అతుక్కునేదాకా ఆగి, సాయంత్రం తన కణాల్లోకి పంపింది. ఐసు, వేణ్ణీళ్లు, ఐసు. రెండు పళ్లేల మీద పరిచి, వెచ్చటి పెట్టెలో పెట్టి, తలుపు వేసింది.

బుధవారం పొద్దున తొమ్మిదికి సారు, పిచ్చుక, ఐసమ్మ పెట్టె ముందు నిలబడ్డారు. మిగతా ఇద్దరు విద్యార్థులు వెనక నుంచి తొంగిచూస్తున్నారు. తమ జిగురు నీళ్ల పళ్లెం ఖాళీ. ఎప్పట్లాగే బోసిగా ఉంది. రెండోది తీయగానే పిచ్చుక "అమ్మో" అంది. పళ్లెం నిండా చుక్కలు. ఆ పిల్ల అక్కడే నిలబడి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై దాకా వెళ్లి, లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది.

"అయితే ఫ్రీజరే" అన్నారు సారు. "ఆ కంపెనీ వాళ్లకు రాస్తాను. ల్యాబుకు పనికిరానిది అంటగట్టారని. మీ కాగితం పైకి వెళ్లదులెండమ్మా. మీ తప్పేం లేదు" అన్నారు.

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. కంపెనీ మీదికి పోయేది, ఐసమ్మ చోటు ఐసమ్మకు మిగిలేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. ఒక్క క్షణం ఊరుకుంది కూడా.

"వాళ్లు అంటగట్టలేదు సర్" అంది. "నేనడిగాను. ఐసు కొట్టలేక చేతులు నొప్పులని మీ దగ్గరికొచ్చి ఐసు పట్టనిదే కావాలన్నాను. పెద్ద మేడం మూడుసార్లు వద్దంటే మీరు కొత్తవాళ్లని మిమ్మల్నడిగాను. ఆవిడ వద్దన్న సంగతి మీకు చెప్పలేదు."

సారు ఆవిడ వైపు చూశారు. "ఈ మాట మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలియదు సర్. మీ సొరుగులో కాగితం ఇంకా ఉందిగా. ఇప్పుడు పంపాలనిపిస్తే పంపండి. నా చేతిదే తప్పని రాసి మాత్రం పంపకండి. బుద్ధిది తప్పని రాయండి. ఒప్పుకుంటాను."

సారు ఖాళీ పళ్లేన్ని చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత అన్నారు, "అడిగింది మీరు. ఎందుకు, ఏమిటి అని చూడకుండా సంతకం పెట్టింది నేను. చదువుకున్నది కూడా నేనే." పళ్లెం కింద పెట్టారు. "పాత ఫ్రీజర్ లోపలికి తెప్పిస్తాను. ఐసు ఎవరు కొడతారు?"

"నేనే కొడతాను సర్. ఇంకెవరు?"

"అయితే కాగితం నేను చింపేస్తాను" అని సారు తన గదిలోకి వెళ్లిపోయారు.

చోటు దక్కింది. అయిదు రోజులుగా ఏ చోటు కోసం తిండీ నిద్రా మానుకుందో, ఆ చోటు దక్కింది. ఐసమ్మకు సంతోషం మాత్రం రాలేదు. ఎందుకంటే పిచ్చుక పళ్లేన్ని బల్లమీద పెట్టి, ఆవిడకేసి చూడకుండా, తన స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చుంది. రోజూ గదంతా ఎగిరే పిల్ల కదలడం లేదు.

ఐసమ్మ వెళ్లి పక్కన నిలబడింది. తిట్టడంలో ఆరితేరిన నాలుక, ఇప్పుడు ఒక్క మాటకు తడుముకుంటోంది. "అమ్మాయ్" అంది. "అదీ... నీ చేతి సంగతి... నేనన్నది తప్పు. ఏమీ అనుకోకు."

చాలా చిన్నగా అంది. వినబడిందో లేదో అన్నట్టు.

పిచ్చుక తిరిగింది. కళ్లనిండా నీళ్లు, నీళ్లకంటే ఎక్కువ కోపం. "మూణ్ణెల్లక్కా. నా చేతులు చూసుకుని నేనే భయపడేదాన్ని. ఇంటికి వెళ్లిపోదామని పెట్టె సర్దుకున్నాను, తెలుసా నీకు? అప్పుడు అందరూ వింటుండగా అన్నావు. ఇప్పుడు నా చెవిలో చెప్తున్నావు."

ఐసమ్మ తలెత్తింది. చుట్టూ చూసింది. ఇద్దరు విద్యార్థులు ఎవరి పనిలో వాళ్లున్నట్టు నటిస్తున్నారు. గుమ్మం దగ్గర కళ్లజోడు తన గొట్టం సంగతి ఏమైందో కనుక్కోవడానికి వచ్చి నిలబడ్డాడు. సారు గది తలుపు తెరిచే ఉంది.

ఐసమ్మ పిచ్చుక కుడిచేతిని పట్టుకుని పైకెత్తింది. ఐసు కోసం అరిచే గొంతుతోనే అరిచింది.

"అందరూ వినండి! మూడు నెలలు ఈ పిల్ల చెయ్యి వణుకుతోందన్నాను. అబద్ధం. ఒక్కసారీ వణకలేదు. నేను చూడకుండానే అన్నాను. ఈ బల్ల మీద ఇంత నిలకడైన చెయ్యి నేను చూళ్లేదు!"

పిచ్చుక ఎడమచేత్తో మొహం తుడుచుకుంది. కుడిచెయ్యి మాత్రం ఐసమ్మ చేతిలోంచి వెనక్కి తీసుకోలేదు.